డచ్ చందువ

సెప్టెంబర్ 9, సోమవారం

పాత డైరీ నిండిపోయింది. ఇది కొత్తది. అట్ట మీద ఏదో ఇన్సూరెన్స్ కంపెనీ పేరుంది.

వాన లేదు. హెర్న్‌డన్‌లో చెట్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఉదయం బాల్టిమోర్ కోల్డ్ స్టోరేజ్ నుంచి ప్యాలెట్ వచ్చింది, పెట్టెల దొంతర. ప్లేస్ చేప, ఫ్రోజెన్, నెదర్లాండ్స్ సరుకు. పెనంలో పట్టే సైజు. మంచు పొర సరిగ్గా ఉంది.

ఇది సముద్రం అడుగున ఇసుకలో పడుకుని బతికే చేప. పై వైపు నల్లగా ఉండి నారింజ మచ్చలుంటాయి. కింది వైపు తెలుపు. కళ్ళు రెండూ నల్ల వైపే. లేబుల్ మీద యూరోపియన్ ప్లేస్ అని రాస్తాం. కస్టమర్లు డచ్ చందువ అంటారు. అసలు చందువ ఇక్కడ అమెరికాలో అరుదు. ఇది చందువ కాదు, దాని చుట్టం కూడా కాదు. పళ్ళెంలా పలచగా ఉండడం ఒక్కటే పోలిక. మనవాళ్ళకి అది చాలింది. మూడేళ్ళుగా మా చేపల షాపు దీని మీదే నడుస్తోంది.

మధ్యాహ్నం ఒక కొత్త కస్టమర్ చేపని చూసి, రెండు కళ్ళూ ఒకే పక్కన ఉన్నాయేంటండీ, పక్షవాతమా అని అడిగింది. కటింగ్ టేబుల్ దగ్గర ధనమ్మ గారు కత్తి ఆపకుండా, పెళ్ళిసూపులకొచ్చినట్టు ఎగాదిగా సూత్తారేటమ్మా, పులుసుకా వేపుడుకా అది సెప్పండి అన్నారు. ఆవిడ నవ్వేసి రెండింటికీ అంది.

సెప్టెంబర్ 13, శుక్రవారం

షాపు ఓనర్ దివాకర్ మధ్యాహ్నం పిలిచాడు. జార్జియాలో, కమ్మింగ్‌లో రెండో షాపు పెడతాడట. ఫోర్సిత్ కౌంటీ అంతా మనవాళ్ళేనట, అన్నా, ఆడ ఒక్కడు డచ్ చందువ అమ్ముతలేడు అన్నాడు. ప్లాజాలో జాగా చూశాడు. లీజు మూడేళ్ళు. సంతకం పెట్టే ముందు ఒక్క మాట కావాలన్నాడు. మూడేళ్ళు సరుకు వస్తుందా, రాదా. జర కాయితం మీద రాసియ్యి అన్నా, నెలాఖరుకి అన్నాడు.

నా పని సరుకు తెప్పించడం. యూరప్‌లో ఏ దేశం ఏ చేప ఎంత పట్టిందో ఆ అంకెలు చదవడం నా అలవాటు. అది పని కాదు. నిజాంపట్నం ఐసు ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు ఎగుమతి బులెటిన్లు చదివి ఇంగ్లిష్ నేర్చుకున్నాను. పదో తరగతి తర్వాత నాకు బడి అదే. అంకెలున్న కాగితం చేతికొస్తే ఇప్పటికీ వదలలేను.

కమ్మింగ్ షాపులో కటింగ్ ధనమ్మ గారికి అప్పగిస్తాడట. ఆవిడ కూతురు భానుశ్రీ ఉండేది అక్కడే. జనవరిలో కాన్పు, మొదటిది.

సెప్టెంబర్ 14, శనివారం

రష్. గుమ్మం దాకా లైను.

లంచ్‌కి ఇద్దరమే మిగిలాం. కబురు ఆవిడకీ తెలిసింది. ముఖం వెలిగిపోతోంది. ఇన్నాళ్ళూ ఎందుకు వెళ్ళలేదని అడిగాను. అల్లుడింట్లో సోఫా మీద కూకుని టీవీ సూత్తా తినమంటారా నన్ను, నా సేతిలో పనుండాల, నా కూడు నాను తినాల, అప్పుడు బిడ్డని ఎత్తుకుంటే ఆ ఎత్తుకోడం యేరు అన్నారు. ఆవిడది భీమిలి. మాట ఇన్నేళ్ళ అమెరికాలోనూ మారలేదు.

ఆవిడ రోజూ నాకో బాక్స్ తెస్తారు. నా భార్య చనిపోయిన ఏడాది మొదలైంది ఈ బాక్స్. ఆపమని చెప్పడం కుదరలేదు. వేపుడు ముక్కలు ఎప్పుడూ నల్ల తోలువే. ఈ రోజు అడిగాను, నాకెప్పుడూ నల్లవే ఎందుకని. తెల్లయి సూడ్డానికి బాగుంటాయి, నాను తింటాను, నల్లయి మీకు పడేత్తన్నాను, మాటాడకుండా తినండి లెక్కలాయనా అన్నారు.

తిన్నాను.

సెప్టెంబర్ 21, శనివారం. ఉదయం 6

అంకెలతో కూర్చున్నాను. ప్లేస్ చేప, దేశాలవారీగా, పదేళ్ళు.

నెదర్లాండ్స్: అందరికన్నా ఎక్కువ పట్టేది వీళ్ళే. గీత కిందికి జారుతోంది. అడుగునున్న చేపని కరెంటుతో అదిలించే పల్స్ వలలు 2021లో పూర్తిగా ఆపేశారు. తర్వాత డీజిల్ పెరిగింది. బ్రెగ్జిట్ తర్వాత ప్రభుత్వమే డబ్బిచ్చి పడవల్ని స్క్రాప్ చేయించింది.

డెన్మార్క్: తగ్గుదల. బెల్జియం: వీళ్ళకి ఖరీదైన సోల్ చేప మీదే ధ్యాస. సోల్ కోటా బాగా కోసేశారు. జర్మనీ: చిన్న అంకె. ఐస్‌లాండ్: చిన్న గీత, పెద్దగా కదలదు.

బ్రిటన్ గీతని నేను ఎప్పుడూ నమ్మను. పట్టుబడిని పడవ జెండాని బట్టి రాస్తారు. డచ్ వాళ్ళ పడవ బ్రిటిష్ జెండా కట్టుకుంటే అది పట్టిన చేప బ్రిటన్ కిందికి వస్తుంది, రేవు ఏదైనా సరే.

రాత్రి. షాపులో ఈ జెండా సంగతి ధనమ్మ గారికి చెప్పాను. జెండా మారిత్తే సేప మారిపోద్దేటండి అన్నారు. మారదు, లెక్క మారుతుంది అన్నాను. అయితే నాను గ్రీన్ కార్డు సేపనన్నమాట అని పక్కనున్న కస్టమర్‌కి కూడా చెప్పి నవ్వించారు.

సెప్టెంబర్ 24, మంగళవారం

వాన. ప్యాలెట్ ఆలస్యం.

ధనమ్మ గారు ఉయ్యాల తాడు గురించి అడిగారు. అమెరికాలో దూలాలుండవు కదా, ఎక్కడ కడతారని. స్టాండ్ దొరుకుతుందన్నాను.

సెప్టెంబర్ 28, శనివారం

దివాకర్‌కి కాగితం ఇచ్చాను. రెండు పేజీలు. మొదటి ప్రతిలో ఉన్న కొన్ని లైన్లు తీసేశాను, పొడుగవుతోందని. చివరి వాక్యం ఇది: పెద్ద దేశాలన్నిటి పట్టుబడి తగ్గుముఖంలో ఉన్నందున రాబోయే మూడేళ్ళ సరఫరా గురించి నమ్మకంగా చెప్పలేం.

రాసిన వాక్యంలో తప్పు లేదు.

అక్టోబర్ 2, బుధవారం

కమ్మింగ్ క్యాన్సిల్. నువ్వు వద్దంటే వద్దే అన్నా, ముల్లె పోయినంక ఏడ్చుడెందుకు అన్నాడు దివాకర్. నేను వద్దనలేదు అన్నాను. అర్థం గదే కదా అన్నాడు.

ధనమ్మ గారికి అతనే చెప్పాడు. ఆవిడ సరేనండి అన్నారు. కత్తి నూరుకున్నారు. మధ్యాహ్నం వచ్చిన కస్టమర్లని పులుసుకా వేపుడుకా అని అడిగారు, అంతకుమించి ఒక్క మాట లేదు. ఒకాయన చమత్కారంగా ఏదో అన్నాడు. నవ్వలేదు.

బాక్స్ మామూలుగానే ఇచ్చారు.

అక్టోబర్ 3, గురువారం

నల్ల ముక్కలు. ఉప్పు కొంచెం తక్కువ.

అక్టోబర్ 20, ఆదివారం

నాకు సెలవు. ట్రెయిల్ మీద నడిచాను. ఆకులు రాలుతున్నాయి. సైకిళ్ళ మీద పిల్లలు.

నమ్మకంగా చెప్పలేం అనడం, వద్దు అనడం ఒకటి కావు. దివాకర్ రెండూ ఒకటిగా తీసుకున్నాడు. అతను అలా తీసుకుంటాడని నాకు తెలుసు. చాలా ఏళ్ళుగా తెలుసు అతను.

అక్టోబర్ 26, శనివారం

రేపు భానుశ్రీ సీమంతం అట. కమ్మింగ్‌లో. ధనమ్మ గారు ఫ్లైట్‌లో వెళ్ళి సోమవారానికి వచ్చేస్తారు. రెండు రోజులకి పోయి రావడమేనా, ఉండిపోవచ్చు కదా అని ఒక కస్టమర్ అంది. ఈ సేపలెవరు కోత్తారమ్మా, మీ ఆయన కోత్తాడా అన్నారు.

అక్టోబర్ 27, ఆదివారం

షాపు తెరిచి ఉంది, టేబుల్ దగ్గర మనిషి లేరు. కోయకుండా అమ్మాం. సగం మంది తిరిగి వెళ్ళిపోయారు. నన్ను కోసివ్వమని ఒకావిడ అడిగింది. నాకు రాదన్నాను. ఆవిడ నమ్మలేదు. చేపల మధ్యే బతుకు గడిచిపోయింది, కత్తి మాత్రం పట్టలేదు. ఐసు, పెట్టెలు, కాగితాలు. అంతే.

మధ్యాహ్నం చిప్స్ తిన్నాను.

నవంబర్ 5, మంగళవారం

కార్తీకమాసం మొదలైంది. షాపు ఖాళీ. ధనమ్మ గారు టేబుల్ కడిగి మళ్ళీ కడుగుతున్నారు. ఏటకెల్లే ఇంట్లో పుట్టినదాన్ని, మాకు కార్తీకమేటండి, వలలో పడని రోజే ఉపాసం అన్నారు. నాతో మాట కలిపారు. నెల రోజుల తర్వాత ఇదే మొదటిసారి.

నవంబర్ 16, శనివారం

ఈ రోజు జరిగింది పూర్తిగా రాయాలి.

దివాకర్ కూతురు కావ్యశ్రీ వీకెండ్స్‌లో షాపు కంప్యూటర్ పనులు చూస్తుంది. ఇక్కడే పుట్టింది. ఈ మధ్యే ఉద్యోగంలో చేరింది. మధ్యాహ్నం లాప్‌టాప్ పట్టుకుని హడావిడిగా వచ్చింది. అంకుల్, సేల్స్ చూశారా, క్రాష్ అయింది, కస్టమర్స్ అందరూ వేరే షాప్‌కి వెళ్ళారా, నాన్నకి చెప్పాలా అని అడిగింది. స్క్రీన్ మీద గీత నిటారుగా కిందికి పడింది.

కార్తీకమాసం అన్నాను. అంటే ఏంటి అంది. చెప్పాను. శివుడికి దీపాలు పెట్టే నెల, మనవాళ్ళు చాలామంది మాంసం, చేప ముట్టరు, నెల దాటితే మళ్ళీ లైను కడతారు. కస్టమర్లు ఎక్కడికీ పోలేదమ్మా, కొనడం ఆపారంతే అన్నాను. పోయినేడు కూడా చూడు, గీత ఇలాగే పడి ఇలాగే లేచింది.

ఓ, సో పీపుల్ ఉన్నారు, బయింగ్ లేదు అంది. లాప్‌టాప్ మూసింది. తర్వాత, మీ యూరప్ రిపోర్ట్ చదివాను అంకుల్, నాన్న డ్రైవ్‌లో పెట్టారు, అందులో గ్రాఫ్ కూడా ఇలాగే ఉంది, డచ్ వాళ్ళకి కూడా కార్తీకమాసమా అంది. జోక్ చేసింది. తన జోక్‌కి తనే నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

ధనమ్మ గారు టేబుల్ దగ్గర నుంచి, ఏటండి, ఆ పిల్ల ఏదో అంటే అలా కొయ్యబారిపోయారు అని అడిగారు. ఏం లేదన్నాను.

నవంబర్ 17, ఆదివారం. ఉదయం 5

మొదటి ప్రతి బయటికి తీశాను. పొడుగవుతోందని కొట్టేసిన లైన్లు చదివాను.

ఒకటి, కోటా. నార్త్ సీలో ప్లేస్ చేపకి అనుమతించిన కోటాలో చాలా భాగం పట్టకుండానే మిగిలిపోతోంది. అంటే చేప ఉంది. పడవలు లేవు. ప్లేస్ వల్ల గిట్టుబాటు తక్కువ, అసలు లాభం సోల్‌ది. సోల్ కోటా తగ్గితే పడవ కదలదు, దానితో పాటు వలలో పడే ప్లేస్ రేవుకి రాదు. చేపలు ఎక్కడికీ పోలేదు, పట్టడం ఆపారంతే.

రెండు, ఐస్‌లాండ్. నిలకడ. మొదటి ప్రతిలో దాని మీద ఒక పేరా ఉంది. ఫైనల్‌లో లేదు.

మూడోది ఏ ప్రతిలోనూ లేదు. మనకెంత కావాలి అన్నది. మనకి వారానికి ఒక ప్యాలెట్. కమ్మింగ్ కలిపితే ఇంకొకటి. ఏ ఒక్క పడవ ఒక్కసారి వల తీసినా మా వారం గడిచిపోతుంది. నేను సముద్రం మొత్తం కొనేవాడిలా లెక్క రాశాను.

ఈ లైన్లు ఎందుకు కొట్టేశానో నాకు తెలుసు. ఇక్కడ రాయను.

నవంబర్ 19, మంగళవారం

కొత్త కాగితం. ఒకే పేజీ. కమ్మింగ్‌కి సరుకు అందుతుంది, సెప్టెంబర్‌లో ఇచ్చిన కాగితం సగమే అని రాశాను.

దివాకర్ రెండుసార్లు చదివాడు. ఏందన్నా, సెప్టెంబర్ల ఒక సముద్రం, నవంబర్ల ఇంకో సముద్రమా అన్నాడు. సముద్రం అదే, నేను సరిగా చదవలేదు అన్నాను. నువ్వా, సరిగా చదవకపోవుడా అన్నాడు. చాలాసేపు నా ముఖం చూశాడు. అతను చదువుకున్నది తక్కువే అయినా మనుషుల్ని చదవగలడు. తర్వాత ఫోన్ తీసి ఏజెంట్‌కి కలిపాడు.

ఆ జాగా పోయింది. అక్టోబర్‌లోనే డోనట్స్ వాళ్ళు తీసుకున్నారట. వేరేది చూస్తానన్నాడు ఏజెంట్.

నవంబర్ 20, బుధవారం

చలి. ఐదు దాటకుండానే చీకటి.

డిసెంబర్ 3, మంగళవారం

కార్తీకం అయిపోయింది. గుమ్మం దాకా లైను. కావ్యశ్రీ ఫోన్‌లో గీత చూపించింది. లేచింది.

డిసెంబర్ 12, గురువారం

కమ్మింగ్‌లో ఇంకో ప్లాజా దొరికింది. ఫిబ్రవరికి గానీ తాళాలివ్వరు. పాత జాగా అయితే జనవరి మొదటి వారానికే షాపు తెరిచేవాళ్ళం.

ధనమ్మ గారికి చెప్పాడు దివాకర్. ఆవిడ ఏప్రాన్‌కి చేతులు తుడుచుకుని, ఫిబ్రవరి అయితే ఫిబ్రవరే అన్నారు. వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నారు. అది నా లెక్క కాదు, కానీ నాకూ తెలుసు.

కాన్పుకి సెలవు పెట్టి వెళ్ళండి అన్నాడు దివాకర్. వెళ్తానన్నారు. డాక్టర్ జనవరి ఇరవై దాటాక అన్నాడట. పందొమ్మిదికి టికెట్ బుక్ చేశారు.

జనవరి 6, సోమవారం

మంచు. షాపు మూత.

జనవరి 11, శనివారం

రష్. పండక్కి చేప ఎవరు కొంటారనుకుంటే, కనుమకి ముందే తీసి పెట్టుకునేవాళ్ళు.

పదకొండు గంటలకి ధనమ్మ గారి ఫోన్ మోగింది. ఆవిడ చేతులు మణికట్టు దాకా చేపలో ఉన్నాయి. శంకరం గారూ ఎత్తండి, భానుది అన్నారు. ఎప్పుడూ లెక్కలాయనా అనే పిలుస్తారు. పేరు పెట్టి పిలవడం ఇదే మొదలు.

ఎత్తాను. వీడియో. అల్లుడు మాట్లాడాడు. నెలలు పూర్తిగా నిండకముందే, తెల్లవారుజామున, ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. ఆ గుడ్డల మూటని కెమెరా ముందు పెట్టాడు. నేను ఫోన్ ఆవిడ ముఖం ఎదురుగా పట్టుకున్నాను. ఆవిడ చేతులు రెండూ గాలిలోకి ఎత్తి పట్టుకుని, వేళ్ళ నుంచి చేపల నీళ్ళు కారుతుండగా, అలాగే నిలబడి చూశారు. ఓసి నీ బుగ్గలు సూడే, డచ్ సందువలా ఉన్నావే అన్నారు. లైనులో వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకావిడ ఏడ్చింది. ధనమ్మ గారు ఏడవలేదు. కొంచెం కిందికి దించండి, కాళ్ళు సూడాల అన్నారు. కాళ్ళు కప్పి ఉన్నాయి.

ఫోన్ పెట్టేశాను. ఆవిడ లైనులో ముందున్న మనిషిని పులుసుకా వేపుడుకా అని అడిగారు.

ఫోన్ పట్టుకున్న చెయ్యి చాలాసేపు నొప్పిగా ఉంది. బరువేం లేదు.

జనవరి 12, ఆదివారం

టికెట్ ముందుకి మార్చాను. డల్లెస్ ఎయిర్‌పోర్ట్‌లో నేనే దింపాను. దారిలో ఆవిడ కునుకు తీశారు.

జనవరి 27, సోమవారం

ఆవిడ తిరిగి వచ్చారు. ఫోటోలు చూపించారు. కాళ్ళు తండ్రివట.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఆఖరి రోజు. రేపు సామానుతో కమ్మింగ్. దివాకర్ వ్యాన్ పంపుతున్నాడు.

కత్తులు తువ్వాలులో చుట్టుకున్నారు. సానరాయి కొత్తవాడికి వదిలేశారు. కొత్తవాడు ఎల్ సాల్వడార్ నుంచి. వారం నుంచి ఆవిడ దగ్గర నేర్చుకుంటున్నాడు. పులుసు, వేపుడు అన్న రెండు మాటలూ స్పష్టంగా అంటాడు. వేపుడుకి వెన్నుముల్లు మీంచి కత్తి జార్చి పై పొర, కింది పొర విడదీయడం అతనికి ఇంకా పూర్తిగా రాలేదు.

లంచ్ అయ్యాక ఆవిడ అడిగారు. రెండో కాయితం కూడా మీరే రాసేరంట గదా, కావ్య సెప్పింది. అవునన్నాను. మొదటిదీ మీరే గదా అన్నారు. అవునన్నాను. మొదటి దాన్లో ఏం తప్పొచ్చిందండీ, మీకు తప్పు రాదు గదా అన్నారు.

జవాబు ఉంది. బాక్స్ ఆవిడ వైపు జరిపాను. ఆవిడ మూత పెట్టి, ఇది ఖాళీ చేసి పంపక్కర్లేదు, ఉంచేసుకోండి అన్నారు.

గుమ్మం దగ్గర, వత్తానండి లెక్కలాయనా, జెండా మారుత్తన్నాను అన్నారు.

ఫిబ్రవరి 15, శనివారం

వ్యాన్ తొమ్మిదింటికి వెళ్ళింది.

మార్చి 3, సోమవారం

కమ్మింగ్ షాపు మొదలైంది. దివాకర్ ఫోన్ చేశాడు. బయట దాకా లైనట. ధనమ్మ ఆడ రాజ్యమేలుతున్నది అన్నా, నన్ను కూడా లైన్ల నిలబెట్టింది అన్నాడు. వెనక నుంచి పులుసుకా వేపుడుకా అని వినిపించింది.

ప్లేస్ సరుకు మామూలే. ఐస్‌లాండ్ నుంచి శాంపిల్ తెప్పించాను. సైజు కొంచెం పెద్దది.

మార్చి 16, ఆదివారం

ఇంట్లో చేప నేనే కోశాను. మొదటిసారి. వెన్నుముల్లు మీంచి పై పొర తీశాను. తిప్పి కింది పొర తీశాను. రెండూ చెక్క మీద పక్కపక్కన పెట్టాను.

నల్ల వైపే దళసరి. తెల్ల వైపు మాంసం కాగితమంత పలచన.